పొర తీసే లేజర్ ఎవరి చేతిలో ఉండాలి?

సుబేదారి (హన్మకొండ): శుక్లాల ఆపరేషన్ చేయించుకుని రెండు మూడేళ్లు తిరగకముందే "మళ్లీ మసక కమ్మింది, ఆపరేషన్ చెడిపోయింది" అనుకుని ఇంటి మూలన కూర్చునే ముసలివాళ్లు జిల్లాలో ప్రతి పల్లెలోనూ కనిపిస్తారు. నిజానికి వీరిలో చాలామందికి ఆపరేషన్ చెడిపోలేదు. కంటిలో పెట్టిన అద్దం వెనుక ఒక పలుచని పొర మసకబారింది, అంతే. కత్తి పెట్టకుండా, సూది గుచ్చకుండా, కూర్చోబెట్టే లేజర్ కిరణంతో ఆ పొరకు చిన్న కిటికీ తెరవవచ్చు. ఐదు నుంచి పది నిమిషాల పని.

కాగా ఆ యంత్రమూ, దానిని వాడే నేత్ర వైద్యుడూ ఉండేది పట్నంలో. కళ్లు పరీక్షించి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టు మాత్రం మండల కేంద్రం దాకా, ఒక్కోసారి ఊళ్లోని పాఠశాల దాకా వచ్చాడు. మరి ఆ లేజర్ పనిని ఇతనికే నేర్పి అప్పగిస్తే పోదా అన్న ప్రశ్న ఇక్కడి నుంచే పుడుతుంది. అమెరికాలో ఈ ప్రశ్న మీద పాతికేళ్లకు పైగా రాష్ట్ర శాసనసభల్లో పెనుగులాట నడుస్తోంది. మన చట్టం ఇప్పటికీ దీనికి అనుమతించడం లేదు. అయినా ఈ ప్రశ్న మనకు అమెరికా వారికంటే దగ్గరిది. నేత్ర వైద్యుడు దూరాన ఉన్న పల్లె ప్రజలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే కదా!

ఎవరు కంటి డాక్టరు?

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవలసి ఉంది. పల్లెల్లో కంటిలోకి టార్చిలైటు వేసి చూసిన ప్రతివాడూ కంటి డాక్టరే. వాస్తవంలో వీరు మూడు నాలుగు రకాలు. ఎంబీబీఎస్ చదివి, ఆపైన మూడేళ్లు కంటి వైద్యంలో ఎం.ఎస్. చేసినవారు నేత్ర వైద్యులు. ఇంటర్ తరువాత ఎనిమిదిన్నరేళ్ల చదువు ఇది. ఆపరేషన్ చేసే అధికారం వీరిదే. ఇంటర్ తరువాత నాలుగేళ్ల డిగ్రీ చదివినవారు ఆప్టోమెట్రిస్టులు. ఈ నాలుగేళ్లలో చివరి ఏడాది ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి పోతుంది. రెండేళ్ల డిప్లొమాతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే కంటి వైద్య సహాయకులు మరొక రకం. ఇక అద్దాల దుకాణంలో యంత్రం ముందు కూర్చోబెట్టి నంబరు చెప్పే వ్యక్తి వద్ద ఏ పత్రం ఉందో అడిగే అలవాటు మనకు లేదు.

జిల్లా ప్రజలకు ఆప్టోమెట్రిస్టు అనే పేరు పరిచయమైంది కంటి వెలుగు పథకంతోనే. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ఆ పథకం మొదలైంది. తొలి విడతలో రాష్ట్రం మొత్తం మీద సుమారు కోటీ 54 లక్షల మందికి పరీక్షలు జరిగాయి. 2023 జనవరి 18న ఖమ్మంలో ప్రారంభమైన రెండో విడతలో 1,500 బృందాలు ఊరూరా తిరిగాయి. బృందానికి ఒక వైద్యాధికారి, ఒక ఆప్టోమెట్రిస్టు. ఆ ఆప్టోమెట్రిస్టులు ఆ పథకం కోసమే తాత్కాలికంగా తీసుకున్నవారు. శిబిరాలు ముగియగానే వారి పనీ ముగిసింది. ఈ విషయం మరువరాదు, దీని అవసరం తరువాత వస్తుంది.

ఈ పొర ఎక్కడిది?

నలభై ఏళ్ల కిందట కంటి శిబిరాలు చూసిన పెద్దలకు సోడాబుడ్డి అద్దాలు గుర్తుంటాయి. డాక్టర్ పెరుగు శివారెడ్డి వంటి వారు ఉమ్మడి రాష్ట్రంలో ఊరూరా శిబిరాలు పెట్టి, బడి గదుల్లోనూ ఆపరేషన్లు చేసిన కాలం అది. అప్పటి పద్ధతిలో కంటి లోపలి మసకబారిన కటకాన్ని దాని తొక్కతో సహా తీసివేసేవారు. కటకం పోయిన లోటును దళసరి అద్దాలు తీర్చేవి. తొక్క మిగలదు కనుక మళ్లీ పొర వచ్చే సమస్య ఉండేది కాదు. కానీ ఆ అద్దాలు పగిలిన నాడు మనిషి మళ్లీ గుడ్డివాడే.

తరువాత వచ్చిన పద్ధతిలో లోపలి గుజ్జును మాత్రం తీసి, వెనుక తొక్కను సంచిలా అలాగే ఉంచి, అందులో కృత్రిమ అద్దాన్ని అమర్చుతున్నారు. దళసరి అద్దాల బాధ తప్పింది. అయితే ఆ సంచి గోడకు అంటుకుని మిగిలిన కణాలు కొందరిలో నెమ్మదిగా పెరిగి, వెనుక గోడను మసకపరుస్తాయి. ఇదే జనం చెప్పే "మళ్లీ వచ్చిన పొర". వివిధ దేశాల అధ్యయనాలను కూర్చి 1998లో వెలువరించిన లెక్క ప్రకారం ఆపరేషన్ అయిన ఏడాదికి వంద కళ్లలో 12, మూడేళ్లకు 21, ఐదేళ్లకు 28 కళ్లకు ఇది వస్తుంది. ఆ తరువాత వచ్చిన అద్దాల అంచులు మెరుగైనందువల్ల ఇప్పుడు కొంత తగ్గింది. ఇది వైద్యుడి తప్పు కాదు, రోగి తప్పూ కాదు.

1980 ప్రాంతంలో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ వైద్యులు దీనికి యాగ్ అనే లేజర్‌ను వాడడం ప్రారంభించారు. కంటికి చుక్కలు వేసి, గడ్డం ఆనించి కూర్చోబెట్టి, పొర మీద కిరణాన్ని కేంద్రీకరించి చిన్న చిన్న దెబ్బలు వేస్తారు. నొప్పి ఉండదు. ఆ రోజో మరునాడో చూపు తేటపడుతుంది. కొన్నాళ్లు కళ్ల ముందు దోమలు తిరిగినట్లు కనిపించవచ్చు. ఇంత సులువైన పని కోసం కమలాపూర్ నుంచో, భీమదేవరపల్లి నుంచో, శాయంపేట నుంచో పట్నం రావాలి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు, సంతోషం. కానీ చూపు లేని తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకువచ్చే కొడుక్కి టికెట్టూ ఉంది, పోయిన కూలీ కూడా ఉంది. అతడికి వీలు చిక్కేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా ముసలమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే ఆ ఖర్చు ఏ లెక్కలోకీ రాదు.

ఓక్లహోమా కథ

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం 1998లో ఆప్టోమెట్రిస్టులకు కొన్ని లేజర్ పనులు చేసే అధికారం ఇస్తూ చట్టం చేసింది. అక్కడ చెప్పిన కారణం మనకు తెలిసినదే: నేత్ర వైద్యులందరూ నగరాల్లో ఉన్నారు, పల్లెల్లో ఉన్నది ఆప్టోమెట్రిస్టులే. 2011లో కెంటకీ, 2014లో లూసియానా అదే బాట పట్టాయి. ఆ తరువాత మరికొన్ని చేరి ఇప్పుడు పదికి పైగా రాష్ట్రాల్లో ఇది చట్టబద్ధం. చాలా చట్టాలు అనుమతించింది పొర తీసే యాగ్ లేజర్, నీటికాసులకు చేసే కొన్ని లేజర్లు మాత్రమే. చక్కెర వ్యాధి వల్ల రెటీనా చెడినప్పుడు చేసే లేజర్‌కూ, అద్దాలు మాన్పించే లేసిక్‌కూ సాధారణంగా వీటిలో చోటు లేదు. అందరూ ఒప్పుకోనూ లేదు. 2022లో కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఇటువంటి బిల్లును, శిక్షణ చాలినంత లేదన్న కారణంతో గవర్నర్ తిప్పి పంపారు.

ఫలితాలు ఎలా ఉన్నాయి? నీటికాసులకు చేసే ఒక లేజర్ గురించి ఓక్లహోమా రోగుల బీమా లెక్కలు తీసిన పరిశీలన 2016లో వెలువడింది. మొత్తం 1,384 కళ్లు. నేత్ర వైద్యులు చేసిన కళ్లలో నూటికి 15 కళ్లకు మళ్లీ అదే లేజర్ చేయవలసి రాగా, ఆప్టోమెట్రిస్టులు చేసిన కళ్లలో నూటికి 36 కళ్లకు మళ్లీ చేయవలసి వచ్చింది. వైద్య సంఘాలు దీనిని పట్టుకుని "చూశారా" అన్నాయి. ఆప్టోమెట్రిస్టులు మాత్రం కంటిని సగం సగం చొప్పున రెండు దఫాలుగా చేసే పద్ధతి కూడా ఉందని, రెండోసారి చేసినంత మాత్రాన మొదటిది చెడిపోయినట్లు కాదని జవాబిచ్చారు. బీమా లెక్కలు ఎన్నిసార్లు చేశారో చెబుతాయి గాని, ఎందుకు చేశారో చెప్పవు. కనుక ఈ జవాబును కొట్టిపారేయలేము. అయితే రెట్టింపుకు మించిన తేడాను ఈ ఒక్క జవాబుతో సరిపెట్టుకోనూ లేము.

ఇక్కడ అసలు గమనించవలసినది మరొకటి ఉంది. అమెరికాలో ఆప్టోమెట్రిస్టు అనిపించుకోవాలంటే సాధారణంగా డిగ్రీ పూర్తిచేసి, దానిపై మరో నాలుగేళ్లు చదవాలి. మన ఆప్టోమెట్రిస్టు ఇంటర్ తరువాత మొత్తం చదివేదే నాలుగేళ్లు. పేరు ఒక్కటే, చదువు సగం. "అమెరికాలో చేస్తున్నారు కదా" అనే వాదన ఇక్కడే కుంటుపడుతుంది. ఇంగ్లండ్‌లో కూడా కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆప్టోమెట్రిస్టులు యాగ్ లేజర్ చేస్తున్నారు. కానీ అది ఆసుపత్రి లోపల, నేత్ర వైద్యుల విభాగంలో భాగంగా, వేరుగా శిక్షణ పొందిన తరువాత. సొంత దుకాణంలో కాదు. మనకు పనికివచ్చే ఉదాహరణ ఓక్లహోమా కంటే ఇదే.

ట్రిగ్గరు నొక్కడం కాదు కష్టం

ఈ తగాదాలో రెండు పక్షాలూ చేతి నేర్పు గురించే మాట్లాడుతున్నాయి. చేతి నేర్పు మాటకు వస్తే, యాగ్ లేజర్ వేయడం బుద్ధిగల ఆప్టోమెట్రిస్టు నేర్చుకోలేని విద్య ఏమీ కాదు. రోజూ అదే రకం సూక్ష్మదర్శినిలో కళ్లు చూసేవాడు అతడే.

కష్టం అంతకుముందు ఉంది. శుక్లాల ఆపరేషన్ అయిన కంటికి మళ్లీ మసక వచ్చిందంటే అది పొర కావచ్చు. చక్కెర వ్యాధితో రెటీనా నడిమి భాగం వాచి ఉండవచ్చు. నీటికాసులు నరాన్ని లోలోపల తినేస్తూ ఉండవచ్చు. రెటీనా ఊడి ఉండవచ్చు. పొరా ఉండి, దాని వెనుక మరొకటీ ఉండవచ్చు. పొర కనిపించింది కదా అని లేజర్ వేస్తే, అసలు జబ్బు ఉన్నచోటే ఉంటుంది, రోగి మాత్రం "లేజర్ కూడా పెట్టించాం, లాభం లేదు" అని ఆశ వదులుకుంటాడు. అప్పుడు పోయేది చూపు. కనుక ఏ కంటికి లేజర్ వెయ్యాలి, ఏ కంటికి వెయ్యరాదు అని తేల్చడమే అసలైన వైద్యం.

తరువాత కూడా కష్టం ఉంది. లేజర్ వేసిన కొన్ని గంటల్లో కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది, దానికి మందు వేసి మళ్లీ చూడాలి. గురి తప్పితే లోపలి కృత్రిమ అద్దానికి గుంటలు పడతాయి. అరుదుగా కొన్ని వారాలకో నెలలకో రెటీనా ఊడుతుంది. అది జరిగిన నాడు రోగిని ఎవరు చూస్తారు, ఎక్కడికి పంపుతారు, ఎంత త్వరగా పంపుతారు అన్నది ముందే తేలి ఉండాలి.

ఈ చివరి ప్రశ్న మన పట్నానికి కొత్తది కాదు. 2018 సెప్టెంబరులో, కంటి వెలుగు తొలి విడత నడుస్తున్న రోజుల్లోనే, ఇక్కడి ఒక ప్రయివేటు ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న పలువురికి కళ్లలో ఇన్ఫెక్షన్ సోకగా, వారిని హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి తరలించవలసి వచ్చింది. అక్కడ ఆపరేషన్ చేసింది ఆప్టోమెట్రిస్టులు కారు. చదువు పత్రం ఉన్నంత మాత్రాన కన్ను క్షేమమని దీనిని చూసినవారు అనలేరు. అయితే ఎం.ఎస్. చదివినవారి చేతిలోనే ఇలా జరిగితే, ఆసుపత్రి అండ లేని గదిలో జరిగినప్పుడు రోగి గతి ఏమిటన్న ప్రశ్న కూడా ఇందులోనే ఉంది.

చట్టం ఏమంటోంది?

2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం వైద్యుల పట్టికలో పేరు లేనివారు వైద్యం చేయరాదు. చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అదే చట్టం 32వ సెక్షన్ మరో తలుపు సగం తెరిచి ఉంచింది. వైద్యరంగంలో ఉన్న కొందరికి సామాజిక ఆరోగ్య కార్యకర్తలుగా పరిమిత అనుమతి ఇవ్వవచ్చునని అది చెబుతోంది. 2021లో పార్లమెంటు చేసిన మరో చట్టం ఆప్టోమెట్రిస్టుల వంటి అనుబంధ వైద్య వృత్తులవారికి పట్టిక, ప్రమాణాలు ఏర్పరచాలని నిర్దేశించింది. వీటిలో ఏదీ లేజర్ అధికారం ఇవ్వలేదు.

పని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మార్చబోతే ఏమవుతుందో 2020లో ఒకసారి చూశాం. శస్త్రచికిత్సలో పీజీ చేసిన ఆయుర్వేద వైద్యులు 58 రకాల శస్త్రచికిత్సలు చేయవచ్చునని ఆ ఏడాది నవంబరులో కేంద్ర భారతీయ వైద్య మండలి ప్రకటించింది. అందులో కంటికి సంబంధించినవీ ఉన్నాయి. దానిపై భారత వైద్య సంఘం పిలుపు మేరకు డిసెంబరు 11న దేశమంతటా డాక్టర్లు ఓపీలు మూశారు. ఆనాడు రెండు వర్గాల గౌరవ మర్యాదల గురించి జరిగిన చర్చలో, రోగి కంటి గురించి ఎంత జరిగిందో వెతుక్కోవలసిందే.

డాక్టర్ల భయంలో స్వార్థం లేదని అనలేము. తమ గిరాకీ పోతుందన్న బెంగ అందులో కొంత ఉంది. అయినా భయం పూర్తిగా ఉత్తదీ కాదు. పల్లెల్లో సూది మందు ఇవ్వడం నేర్చిన ఆర్ఎంపీ ఎంత దూరం వెళ్లాడో అందరూ ఎరిగినదే. లేజర్ యంత్రం కొన్నవాడు దాని అప్పు తీర్చుకోవాలి. అప్పు తీరాలంటే రోజుకు ఇన్ని కళ్లు కావాలి. అవసరం లేని కళ్లకు కూడా "పొర ఉంది" అని చెప్పే ఆశ అక్కడ మొదలవుతుంది. ఈ ఆశ ఎం.ఎస్. చదివిన డాక్టరుకూ ఉంటుంది, కాదనలేము. అటువంటివారి సంఖ్యను పెంచుకోవడం ఎందుకన్నదే ప్రశ్న.

జిల్లాకు ఏది పనికివస్తుంది?

మన రాష్ట్రంలోనే మరో నమూనా ఉంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ సంస్థ పల్లెల కోసం మెట్లమెట్లుగా ఒక ఏర్పాటు చేసింది. యాభై వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం. అందులో ఉండేది డాక్టరు కాదు, ఆ ఊళ్లవారి నుంచే ఎంపిక చేసి శిక్షణ ఇచ్చిన సాంకేతిక కార్యకర్త. అతడు కళ్లు చూస్తాడు, అద్దాలు ఇస్తాడు, అనుమానం ఉన్నవారిని ఐదు లక్షల జనాభాకు ఒకటి చొప్పున ఉండే పై ఆసుపత్రికి పంపుతాడు. పాత ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో అటువంటి ఆసుపత్రి 1990ల నుంచే ఉంది. కింది మెట్టు మీద ఉన్నవాడికి కత్తి ఇవ్వలేదు, లేజర్ ఇవ్వలేదు. పై మెట్టుకు పంపే బాధ్యత ఇచ్చారు. ఈ ఏర్పాటు నడవడానికి కారణం అదే.

మన జిల్లా లోటు కూడా ఇక్కడే ఉంది. హన్మకొండ, సుబేదారి, నక్కలగుట్ట దారుల్లో కంటి ఆసుపత్రుల బోర్డులకు కొదవ లేదు. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. పరకాల, ఎల్కతుర్తి, ధర్మసాగర్ వైపు ఊళ్లలో "అమ్మా, ఇది పొర, లేజర్‌తో పోతుంది, ఫలానా రోజున పట్నం వెళ్లు" అని చెప్పే మనిషి ఏడాది పొడుగునా ఉండడమే కొరత. కంటి వెలుగులో పల్లెకు వచ్చిన ఆప్టోమెట్రిస్టు ఆ మనిషి కాగలిగేవాడు. శిబిరం ఎత్తివేయగానే అతడూ వెళ్లిపోయాడు. అతడికి లేజర్ ఇవ్వాలా వద్దా అని చర్చించే ముందు, అతడికి ఒక కుర్చీ, నెల జీతం ఇవ్వవలసి ఉంది. మండలానికి ఒక ఆప్టోమెట్రిస్టును ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్థిరంగా నియమించి, చక్కెర వ్యాధి ఉన్నవారందరి కళ్లు ఏటా చూడమంటే, లేజర్ చట్టం కంటే ఎక్కువ చూపు నిలుస్తుంది.

లేజర్ మాటకు వస్తే, ఒక్క పొర లేజర్ వరకు, అదీ ప్రభుత్వ కంటి ఆసుపత్రి కప్పు కింద, శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్టులతో చేయించి చూడడంలో తప్పు లేదు. కానీ ఏ కంటికి వేయాలో నేత్ర వైద్యుడే చూసి రాయాలి. వేసే సమయంలో ఆయన అదే ఆవరణలో ఉండాలి. ప్రతి కన్నూ రిజిస్టరులోకి ఎక్కాలి, ఎంతమందికి ఏమైందో ఏడాదికొకసారి బయటపెట్టాలి. దీనివల్ల వైద్యుడి చేతిలోని గంటలు శుక్లాల ఆపరేషన్లకు మిగులుతాయి. 2015 నుంచి 2019 వరకు జరిగిన జాతీయ అంధత్వ సర్వేలో యాభై ఏళ్లు దాటిన గుడ్డివారిలో నూటికి 66 మందికి కారణం శుక్లాలేనని తేలింది. వైద్యుడు కావలసింది అక్కడ. నీటికాసుల లేజర్, రెటీనా లేజర్ మాత్రం ఈ మాటల్లోకే రాకూడదు. అద్దాల దుకాణంలో లేజర్ యంత్రం పెట్టడానికి ఏ పేరుతోనూ అనుమతి ఉండరాదు.

ప్రతి సోమవారం సుబేదారిలోని కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి జిల్లా నలుమూలల నుంచి అర్జీలు పట్టుకుని వస్తారు. వికలాంగుల పింఛను 2023లో రూ. 4,016 అయింది. పొర కమ్మిన కంటితో ఒకరు చూపు లేదని పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఆ మనిషికి కావలసింది పింఛనా, లేజరా అని చూసి చెప్పే ఏర్పాటు ఆ పరీక్ష శిబిరాల్లోనే ఉండవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు.

ఈలోగా ఆపరేషన్ అయిన కంటికి మసక తగిలినవారు చేయవలసినది కొంత ఉంది. ఆపరేషన్ నాటి కాగితం పారేయకుండా వెంట తెచ్చుకోవాలి, లోపల ఏ అద్దం వేశారో అందులో ఉంటుంది. చక్కెర, నీటికాసులు ఉంటే అడగకముందే చెప్పాలి. లేజర్ వేయబోయేది ఎవరు, వారి చదువు ఏమిటి అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. వేసే ముందు రెటీనాను, కంటి ఒత్తిడిని చూశారో లేదో కూడా అడగవచ్చు. లేజర్ అయిన తరువాత కళ్ల ముందు మెరుపులు మెరిసినా, నల్లని చుక్కలు ఒక్కసారిగా పెరిగినా, చూపుకు ఒక పక్క తెర దించినట్లు అయినా, అది మరునాటికి వాయిదా వేసే పని కాదు. ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి.